తీగ అమ్మేవాడు గది ఊసెత్తడు

లక్షన్నర పోసి స్పీకర్లు కొన్న మనిషి వెళ్లి, వీణా వయొలినూ కలగాపులగంగా వినబడుతున్నాయని మొరపెట్టుకుంటే మన ఆడియో షోరూముల్లో చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: కేబుల్ మార్చండి. ఆ జవాబు అబద్ధం. ఆ అబద్ధం మీద ఒక వ్యాపారం బతుకుతోంది, దానికి డబ్బు కడుతున్నది సంగీతాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్లు.

లెక్క చూడండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మూడు మీటర్లు లాగితే, పోను రాను కలిపి దాని నిరోధం సుమారు 0.04 ఓం. స్పీకరుది 8 ఓములు. ఆ వైరు వల్ల తగ్గే శబ్దం డెసిబెల్‌లో ఇరవయ్యో వంతుకు కూడా చేరదు. వేలు పోసి కొన్న కేబుల్ ఇంతకన్నా ఏం బాగుచేస్తుంది?

చెడగొడుతున్నది గది. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, ఒక పక్క గాజు తలుపుల షోకేసు. టైలు మీద పడిన ధ్వనిలో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు తిరిగొస్తాయి. స్పీకరు నుంచి సూటిగా చెవికి చేరే ధ్వని రెండున్నర మీటర్లు వస్తే, పక్క గోడకు కొట్టుకుని వచ్చేది మూడున్నర మీటర్లు వస్తుంది. తేడా మూడు మిల్లీసెకన్లు. అంత కొద్ది తేడాను చెవి ప్రతిధ్వనిగా పట్టుకోలేదు, రెండింటినీ ఒకే శబ్దంగా కలిపేసుకుంటుంది. దాంతో కమాను తీగను తాకే క్షణంలోని పదును చెదిరిపోతుంది. ఏ వాద్యం ఏ పక్క నుంచి పలుకుతోందో పోల్చుకోలేం.

బేస్ చేసే హాని ఇంకా ఎక్కువ. గది పొడవు పన్నెండడుగులైతే 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు పదడుగులైతే 56 దగ్గర గదిలోని గాలి స్వరానికి వంత పాడుతుంది. స్పీకరు ఆపేసినా ఆ హోరు వెంటనే ఆగదు. స్పీకర్లను మూలల్లోకి నెట్టారా, మరింత పెరుగుతుంది. బరువైన శబ్దం తన పైనున్న సన్నటి శబ్దాలను కప్పేయడం మనిషి వినికిడిలోనే ఉంది. మృదంగం ఎడమ వైపు మోత కింద తంబుర మునిగిపోయేది అందుకే. ఇళయరాజా పాటలో బేస్ గిటారు ఒక్కొక్క మెట్టూ దిగుతూ నడిచే తీరు వినాల్సింది పోయి గుబగుబ మాత్రమే మిగిలేది అందుకే.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని, దాన్ని సరిచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. అక్కడ పలికిన మాట అయిదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. సాబిన్ దగ్గర్లోని థియేటరు నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు తెప్పించి, ఆర్గన్ గొట్టం మోగించి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో గడియారం పట్టుకుని కొలిచాడు. ఆ కొలతల నుంచి పుట్టిన సూత్రాన్నే 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు వాడారు. మెత్తలతో తేలిన విషయం! నూట ముప్ఫయ్యేళ్ల తర్వాత కూడా దాన్ని కొనేవాడికి చెప్పకుండా దాచడం నేరం కాదా?

ఇంటీరియర్ డిజైనర్లకూ ఇందులో వాటా ఉంది. టీవీ యూనిట్ గూళ్లలో స్పీకర్లను ఇరికించే హక్కు వాళ్లకెవరిచ్చారు? స్టీరియో అంటే రెండు స్పీకర్ల మధ్య చెవి కట్టుకునే బొమ్మ. ఒకటి తలుపు పక్కన, ఇంకోటి అల్మరా లోపల ఉంటే ఆ బొమ్మ నిలవదు. స్పీకర్లను గోడకు రెండు మూడడుగులు ముందుకు జరపండి. ట్వీటరు, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు, మీ చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటి నుంచి మీ కుర్చీకి అంతే దూరం ఉండాలి. కుర్చీ వెనక గోడకు ఆనకూడదు. మీరు కూర్చుని, ఇంట్లో ఒకరిని పక్క గోడ వెంబడి అద్దం జరపమనండి. ఎక్కడ అద్దంలో స్పీకరు కనబడితే అక్కడ మందపాటి బొంతో, నిండుగా పుస్తకాలున్న అరో పెట్టండి. కింద జంపఖానా పరవండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. కోడిగుడ్ల ట్రేలు, అంగుళం మందం ఫోము నమ్ముకోవద్దు: ఫోము సన్నటి స్వరాలనే మింగి హోరును అలాగే వదిలేస్తుంది, ట్రేలు ఆ మాత్రం కూడా చేయవు. మూలల్లో హోరు తగ్గాలంటే కనీసం నాలుగంగుళాల మందం రాతిపీచు, అంటే రాక్‌వూల్ కావాలి.

ఇంత చేసినా రికార్డింగులో లేనిది రాదు. ఘంటసాల పాటల్లో చాలావరకు మోనో. వాటిలో వాద్యాలను ఎడమా కుడీ విడదీసి వినిపించే యాంప్లిఫయరు ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. గది సర్దితే ఆ పాటల్లోనూ ప్రతి వాద్యం తేటగా పలుకుతుంది, అది చాలు.

ఈసారి షోరూముకు వెళ్తే డెమో గదిని బాగా చూడండి. మంచి షోరూమైతే కింద తివాచీ, గోడలకు మెత్తటి పలకలు, గోడకు దూరంగా నిలబెట్టిన స్పీకర్లు కనబడతాయి. అక్కడ వీణ విడిగా, వయొలిన్ విడిగా వినబడడానికి కారణం అవి. షోరూము యజమానులారా, ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే మీ గదిని అలా కట్టుకున్నారు. బిల్లు రాసే ముందు మా గది కొలతలు అడగండి. కేబుల్ ఖరీదులో సగానికే వచ్చే తివాచీ, కర్టెన్ల గురించి ముందు చెప్పండి.