చార్టు చదివితే చూపున్నట్టేనా?

అరుదైన కంటి జబ్బుల ప్రస్తావన వస్తే చాలు, మన పత్రికలూ చానళ్లూ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతున్నాయి: లక్స్‌టర్నా జన్యు చికిత్సకు రెండు కళ్లకూ కలిపి 8.5 లక్షల డాలర్లు. 2017 డిసెంబరులో అమెరికా అనుమతించిన ఆ మందు ఆర్‌పీఈ65 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నవారికే పనికొస్తుంది. బిడ్డలో ఏ జన్యువు పాడైందో తెలియని తల్లికి ఈ ధరల చర్చతో ఒరిగేదేమిటి? జబ్బు పేరు తేలకపోవడమే అసలు అడ్డంకి.

కంటి శిబిరాలు అక్షరాల చార్టు చదివించి అక్కడితో ఆగిపోవడంతోనే ఆ అడ్డంకి మొదలవుతోంది. ఈ లోపం చట్టానిది కాదు. అంధత్వాన్ని నిర్వచించేటప్పుడు 1995 నాటి వికలాంగుల చట్టమే చార్టును దాటి దృష్టి క్షేత్రాన్నీ, అంటే చూపు నిలిపినప్పుడు చుట్టూ కనిపించే మేరనూ, లెక్కలోకి తీసుకుంది. అది 20 డిగ్రీలకు కుంచించుకుపోతే అంధత్వమేనంది. 2016 చట్టం ఆ గీతను 10 డిగ్రీలకు దించింది. 10 నుంచి 40 లోపు ఉంటే అల్పదృష్టిగా గుర్తించింది. చార్టు మీద చూపు తగ్గినా, క్షేత్రం కుంచించుకుపోయినా, ఏ ఒక్కటైనా చాలు. అంటే చార్టు మీద 6/6 చదివే, పూర్తి చూపున్నట్టు లెక్కకొచ్చే మనిషి కూడా చట్టం దృష్టిలో అంధుడు కావచ్చు.

అంచుల నుంచి చూపు కుంచించుకుపోయే వంశపారంపర్య రెటీనా జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఇదే జరుగుతుంది. పిల్లవాడు ఆరు మీటర్ల దూరం నుంచి చివరి వరుస దాకా గడగడా చదివేస్తాడు. గది దాటుతూ పక్కనే ఉన్న స్టూలును తన్నుకుంటాడు. రిజిస్టరులో మాత్రం ‘నార్మల్’ అని పడుతుంది. ప్రతి శిబిరానికీ దృష్టి క్షేత్రాన్ని కొలిచే పెరిమెట్రీ యంత్రం తేలేమన్న మాట నిజమే. కానీ ఎదురుగా కూర్చుని, పక్కల నుంచి వేళ్లు చూపి లెక్కపెట్టమనడానికి నిమిషం చాలు. చీకటి పడితే తడుముకుంటున్నాడా, తల్లిదండ్రులది మేనరికమా అని అడగడానికి అదీ అక్కర్లేదు.

మందు లేని జబ్బుకు పేరెందుకన్న వాదన నిలవదు. ఇదే రూపంలో కనిపించే రెఫ్సమ్ జబ్బును ఆహార నియమంతో అదుపులో పెట్టవచ్చు. ఎబీటాలైపోప్రొటీనీమియాకు ఎ, ఇ విటమిన్లు ఇవ్వాలి. రేచీకటి అనగానే రాసే విటమిన్ ఎ మాత్రలే పెద్ద మోతాదులో స్టార్‌గార్ట్ అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బున్న రోగికి చేటు చేసే ప్రమాదం ఉంది. పేరు తప్పితే వైద్యమూ తప్పుతుంది.

చట్టం కొలవమన్న దాన్ని శిబిరాలు కొలవాలి. అనుమానం తగిలిన ప్రతి బిడ్డకూ రెటీనా స్పందనను కొలిచే ఈఆర్‌జీ, జన్యు పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో చేయించాలి. ఖరీదైన మందుకు నిధుల మాట ఆ తర్వాతే.