రిఫరీ రాయని తిట్టు

ఉట్నూరు, జైనూరు వైపు ఆశ్రమ పాఠశాల నుంచి మండల పోటీలకు వచ్చిన గోండు లేదా కొలాం పిల్లవాణ్ని ఫుట్‌బాల్ మైదానంలో అవతలి జట్టువాడు జాతి పేరు పెట్టి తిట్టాడనుకుందాం. పుస్తకంలో ఉన్న నిబంధనల ప్రకారం చాలానే జరగాలి. జరిగేది మాత్రం ఒకటే. ‘ఆటన్నాక అంటరు, పట్టించుకోకు’ అని వీపు తట్టి మళ్లీ మైదానంలోకి పంపుతారు. తిట్టు తిన్నవాడే ఫిర్యాదు కూడా మోయాలన్న మన పద్ధతే ఇక్కడి అసలు లోపం. ఆ బాధ్యత పిల్లవాడి మీది నుంచి రిఫరీ మీదికి మారనంతకాలం ఎన్ని హెల్ప్‌లైన్లు పెట్టినా ఫలితం ఉండదు.

చట్టం లేదని కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం నేరం. బాధితులు 14566కు ఫోన్ చేయవచ్చు. అయితే నాలుగు గోడల మధ్య, బయటి సాక్షులెవరూ లేని చోట జరిగిన దూషణకు ఆ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అంటే జనం చూస్తున్న మైదానం ఈ చట్టం పరిధిలోకి వస్తుంది గానీ, హాస్టల్ గదిలో వినిపించే మాట చాలాసార్లు రాదు. పైగా పాఠశాల పోటీల్లో తిట్టినవాడూ మైనరే. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని ఒక్క మాటకు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించాలని ఎవరూ కోరరు. అందుకే ఆటలోపలే ఒక దారి ఉండాలి.

దేశంలో ఇటీవలి ఉదంతాలు చూస్తే ఎవరి ఫిర్యాదు నిలబడుతుందో అర్థమవుతుంది. 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగిన ఐఎస్‌ఎల్ మ్యాచ్‌లో మేఘాలయకు చెందిన ఐబన్ డోహ్లింగ్ వైపు ప్రత్యర్థి ఆటగాడు ముక్కు మూసుకుని చూపిన సైగపై అతని క్లబ్బు కేరళ బ్లాస్టర్సే అధికారికంగా ఫిర్యాదు చేసింది. 2024 మార్చిలో మలప్పురం జిల్లా అరీకోడ్‌లో ఐవరీకోస్ట్ ఆటగాడు హసన్ జూనియర్ తనను జాతి పేరుతో దూషించి, వెంటపడి కొట్టారని పోలీసులను ఆశ్రయించాడు. దాడి వీడియో దేశమంతా చూసింది. స్పెయిన్‌లో ఒక మ్యాచ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు వినీసియస్‌ను అవమానించిన ముగ్గురు ప్రేక్షకులకు 2024 జూన్‌లో ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. ఆ కేసు వెనుక అక్కడి లీగ్ లా లీగా, అతని క్లబ్బు రియల్ మాడ్రిడ్ నిలబడ్డాయి. అదే మ్యాచ్‌లో ఎర్ర కార్డు చూసింది మాత్రం వినీసియసే. తర్వాత దాన్ని రద్దు చేశారు లెండి. రెచ్చగొట్టినవాడు తప్పించుకుని, తిరగబడినవాడు దొరికిపోవడం స్పెయిన్‌కే పరిమితం కాదు. క్లబ్బో, కెమెరానో, లీగో తోడుంటే ఫిర్యాదుకు కాళ్లొస్తాయి. మండల మైదానంలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

అక్కడ ఉండేది పీఈటీ సారు ఒక్కరే. జట్టును ఎంపిక చేసేదీ, జిల్లా పోటీలకు పేరు పంపేదీ, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల ఎంపికల గురించి చెప్పేదీ ఆయనే. ఆయన మంచివారే కావచ్చు. కానీ ‘గొడవలు పెట్టుకునే పిల్లవాడు’ అన్న ముద్ర పడితే వచ్చే ఏడాది జట్టులో చోటుంటుందో లేదో అని పిల్లవాడు లెక్క వేసుకుంటాడు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ ఫుట్‌బాల్ క్లబ్బు దాకా వెళ్లిన గుగులోతు సౌమ్యను చూసి ఆశ పెంచుకున్న ఆడపిల్లలదీ ఇదే లెక్క. ఫిర్యాదు వినాల్సిన సంస్థలోని మనిషి మీదే ఆరోపణ వస్తే మరీ కష్టం. 2024 మార్చిలో గోవాలో ఇద్దరు మహిళా క్రీడాకారిణులు తమపై చేయిచేసుకున్నాడని ఫిర్యాదు చేసింది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గ సభ్యుడి మీదే. పోలీసులు ఆయనను అరెస్టు చేశారు.

రిఫరీకి కొత్త అధికారాలేవీ ఇవ్వనక్కర్లేదు. అవమానకరమైన, దూషించే భాషకు ఎర్ర కార్డు చూపాలని ఆట నియమాల్లో పన్నెండోది ఇప్పటికే చెబుతోంది. మ్యాచ్‌కు ముందు, మధ్యలో, తర్వాత జరిగిన సంఘటనలను నివేదికలో రాయాలని ఐదోది చెబుతోంది. చేయాల్సిందల్లా స్కోరు, కార్డులు రాసే కాగితం మీద ఇంకో గడి గీయడమే. ఏ నిమిషంలో, ఏ నంబరు ఆటగాడు, ఏ మాట అన్నాడు? దాని కింద రిఫరీ, ఇద్దరు కెప్టెన్ల సంతకాలు. ఆ మాటను ఉన్నదున్నట్టు రాయాలి, ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని మెత్తగా రాస్తే ప్రయోజనం లేదు. ఒక ప్రతి నిర్వాహకులకు, ఇంకొకటి నేరుగా జిల్లా క్రీడాధికారికి వెళ్లాలి.

దీన్ని దుర్వినియోగం చేస్తారని కొందరంటారు. నిజానికి అప్పటికప్పుడు సాక్షుల సంతకాలతో రాసిన నివేదిక, వారం తర్వాత పుట్టే ఆరోపణ నుంచి నిర్దోషిని కూడా కాపాడుతుంది. రిఫరీకి వినపడకపోతే ఎలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అలాంటప్పుడు కెప్టెన్ చెప్పిన మాటను ‘ఆరోపణ’గానే నమోదు చేయాలి, విచారణ తర్వాత సంగతి. ఉన్న కొద్దిపాటి ఫుట్‌బాల్‌ను కూడా ఇలాంటి కాగితాలు చంపేస్తాయన్న భయానికి అర్థం లేదు. ఆట మానేసే పిల్లలు కాగితానికి భయపడి మానరు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానం, ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ ఉండాలని జాతీయ సంఘాలకు చెప్పింది. అది ఢిల్లీ నుంచి ఉట్నూరు దాకా దిగివచ్చేలోపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల క్రీడాధికారులు, ఫుట్‌బాల్ సంఘాలు కూర్చుని వచ్చే పాఠశాల పోటీల నుంచే ఈ గడిని నివేదికలో చేర్చాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.