చీకటి గదిలో వంద నాణేలు, సీశాట్ భయం

ముందు ఈ పజిల్ చూడండి. చీకటి గదిలో బల్ల మీద 100 నాణేలున్నాయి. వాటిలో సరిగ్గా 20 బొమ్మ పైకి, మిగతా 80 బొరుసు పైకి ఉన్నాయి. ఏది ఏదో కనబడదు, తడిమినా తెలియదు. వాటిని రెండు కుప్పలు చెయ్యాలి. రెండు కుప్పల్లోనూ బొమ్మల సంఖ్య సమానంగా ఉండాలి. కావాలంటే నాణేలు తిరగెయ్యవచ్చు. ఇక్కడ ఆగి రెండు నిమిషాలు ఆలోచించండి.

జవాబు: ఏవైనా 20 నాణేలు పక్కకు తీసి, ఆ ఇరవైనీ తిరగెయ్యండి. అంతే.

ఎలాగంటారా? మీరు తీసిన 20లో 7 బొమ్మలు వచ్చాయనుకోండి. మొత్తం బొమ్మలు 20 కాబట్టి పెద్ద కుప్పలో 13 మిగిలాయి. మీ దగ్గరున్న బొరుసులూ 13. తిరగేస్తే అవే 13 బొమ్మలవుతాయి. 7 బదులు సున్నా వేసి చూడండి, 20 వేసి చూడండి, సరిపోతుంది. మీ చేతిలో ఎన్ని బొమ్మలు పడ్డాయో చివరిదాకా మీకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నేనీ పజిల్ చాలామందిని అడిగాను. నాలాంటి బీటెక్ వాళ్ళు ముందు కాగితం తీస్తారు. ప్రాబబిలిటీ అంటారు, కాంబినేషన్లు రాస్తారు. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న ఒక మిత్రుడు మాత్రం పెన్ను ముట్టలేదు. జేబులోంచి నాలుగు నాణేలు తీసి, రెండు బొమ్మలతో ఆడి చూసి, జవాబు చెప్పాడు. ఆ మిత్రుడికే సీశాట్ అంటే వణుకు! "అది మీ ఇంజినీర్ల పేపరు" అంటాడు.

ఈ మాట ముఖర్జీ నగర్ నుంచి మన అశోక్ నగర్ దాకా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది. 2011లో ఈ పేపర్ వచ్చాక 2014లో ఢిల్లీలో పెద్ద ఆందోళనే జరిగింది. 2015 నుంచి దీన్ని క్వాలిఫయింగ్ చేశారు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం వాళ్ళకు చదవడమే ఒక పరీక్ష. 120 నిమిషాల్లో 80 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 90 సెకన్లు. లెక్కల్లో చెయ్యి తిరిగినవాడికి అక్కడ లాభమే.

కానీ రీజనింగ్, డేటా సఫిషియెన్సీ ప్రశ్నలను ఆ గాటన కట్టకండి. ఒక చిన్న ఉదాహరణ. రెండు పెన్నులు, మూడు పుస్తకాలు కలిపి 230 రూపాయలు. నాలుగు పెన్నులు, ఆరు పుస్తకాలు ఎంత? పెన్ను ధర x, పుస్తకం ధర y అని మొదలుపెట్టినవాడు రెండో సమీకరణం కోసం వెతుకుతూ కూర్చుంటాడు. అది లేదు, పెన్ను ధర ఎప్పటికీ తేలదు. అన్నీ రెట్టింపయ్యాయని గమనించినవాడు 460 అని గుర్తించి ముందుకెళ్తాడు. ఇందులో బీటెక్ ఏముంది? నాణేల పజిల్‌లోనూ ఇదే జరిగింది.

అందుకే షార్ట్‌కట్ ఫార్ములాల పుస్తకాలంటే నాకు అనుమానం. (నా గదిలోనూ రెండున్నాయి, ఒకటి కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డంగా పనికొస్తోంది.) ఫార్ములా దొరికితే దాన్ని వాడాలనే చెయ్యి ఊరుకోదు. దానికంటే రోజుకు ఐదారు ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదాని పక్కన 'ఇందులో నేను కనుక్కోనక్కర్లేనిది ఏది?' అని రాసుకోండి. పాత ప్రశ్నపత్రాలు చాలు.

మొత్తం 200 మార్కుల్లో మనకు కావలసింది 66. ప్రశ్నకు 2.5 మార్కులు, తప్పుకు మూడో వంతు కోత. ఒక్క తప్పూ లేకపోతే 27 ప్రశ్నలు చాలు, 67.5 వస్తాయి. అది రాకపోతే జీఎస్‌లో ఎంత తెచ్చుకున్నా లెక్కలోకి రాదు. ఏడాదంతా లక్ష్మీకాంత్ తిరగేసి, ఈ పేపర్‌ని మాత్రం మే నెలలో చూద్దాంలే అని వదిలేస్తున్న ఆర్ట్స్ మిత్రులు ఈ రెండు సంఖ్యలూ గోడ మీద రాసుకోవాలి.

సరే, అదే చీకటి గది, అవే 100 నాణేలు. ఈసారి బొమ్మలు 20 కాదు, 70. ఎన్ని తీసి తిరగేస్తారు? పెన్ను ముట్టకుండా చెప్పండి.