చేప మోసే స్త్రీ మత్స్యకారురాలు కాదా?

ఏడాదికొకసారి ఊరంతా ఒకచోట చేరి బలాబలాలు తేల్చుకోవడం మనకు కొత్త కాదు. అయిజలో తిక్క వీరేశ్వరస్వామి ఉత్సవాలు వస్తే ఎద్దుల బండలాగుడు పోటీలు చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. ఎక్కడో ఉత్తరాన అలాస్కాలో సీవార్డ్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. అక్కడ 1956లో మొదలుపెట్టి చేపల పోటీ నడిపిస్తున్నారు. ఎవరి గాలానికి బరువైన సాల్మన్ చేప పడితే బహుమతి వాళ్లదే. ఆ చేపను ఎవరు కోశారు, ఎవరు వండారు అని ఎవరూ అడగరు. వినోదం కోసం పెట్టుకున్న పోటీకి ఆ నియమం సరిపోతుంది. కాని బతుకుదెరువుకు కూడా అదే నియమం పెడితే? మన మత్స్య సహకార సంఘాల్లో జరుగుతున్నది సరిగ్గా అదే.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. రెండు పక్కలా నదులున్నా నీటి కోసం కొట్లాడటం ఇక్కడి ప్రజలకు తప్పలేదు. రాజోలిబండ మళ్లింపు పథకం కింద 87,500 ఎకరాలు పారాలని కాగితాల మీద ఉంది. చివరి భూములకు నీళ్లు అందక రైతులు ఏళ్ల తరబడి ఆందోళనలు చేశారు. ఆ కొట్లాటలో రైతు పేరు వినిపించింది. చేపల మీద బతికేవాళ్ల పేరు తక్కువగా వినిపించింది. వాళ్లలో స్త్రీల పేరు అసలే వినిపించలేదు. 1996లో జూరాల ప్రాజెక్టు ప్రారంభమైంది. ఆ తర్వాత జూరాల చేపల రుచి దూర ప్రాంతాలకు తెలిసింది. ఆ చేప వల నుంచి పళ్లెం దాకా ఎన్ని చేతులు మారిందో మాత్రం తెలియలేదు.

ఎండాకాలం నీళ్లు తగ్గాక చెరువు పట్టే రోజును గమనించండి. తెల్లవారుజామున మగవాళ్లు వలలు దించుతారు. కొన్ని గంటల్లో బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు గట్టుకు చేరుతాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. సైజుల వారీగా ఏరాలి. ఎండ ముదరకముందే గంప నెత్తికెత్తుకొని సంతకో, గడప గడపకో తిరగాలి. కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీయాలి, ముక్కలు కొట్టాలి. బేరమాడే వాళ్లతో వాదించాలి, అరువు పెట్టిన వాళ్ల దగ్గర వసూలు చేయాలి. మిగిలిన చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. చేప కుళ్లితే ఆ నష్టం కూడా ఆమెదే. చేపను డబ్బుగా మార్చేది ఈ శ్రమే. అయినా ఆ డబ్బు మీదా, చెరువు మీదా ఆమెకు హక్కు లేదు.

ఎందుకు లేదు? హక్కు సంఘ సభ్యత్వం నుంచి వస్తుంది. సభ్యత్వం వృత్తి నైపుణ్య పరీక్ష నుంచి వస్తుంది. ఆ పరీక్షలో ఈత వచ్చా, వల విసరగలవా, వల అల్లగలవా అని చూస్తారు. మొప్పలు చూసి చేప తాజాదనం చెప్పగలవా అని అడగరు. బతికున్న కొర్రమీనును జారిపోకుండా పట్టి కోయగలవా అని అడగరు. అంటే నీళ్లలో చేసే పనే వృత్తి, గట్టు మీద చేసేది ఇంటిపని! ఇంటిపనికి విలువ కట్టని పితృస్వామ్యమే ఇక్కడ నిబంధన వేషం వేసుకొని కూర్చుంది. సభ్యుల్లో అత్యధికులు పురుషులే కావడంలో ఆశ్చర్యం ఏముంది?

సభ్యత్వం ఉత్త కాగితం కాదు. చెరువు కౌలు సంఘానికే దక్కుతుంది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా ఇస్తూ వచ్చిన చేపపిల్లలు సంఘాల చెరువుల్లోకే వెళ్లాయి. 2018లో 75 శాతం సబ్సిడీతో మోపెడ్లు ఇచ్చారు. నెత్తిన గంపతో నడిచే స్త్రీకి ఆ బండి పేరే తప్ప తాళంచెవి అందలేదు. 2020లో వచ్చిన కేంద్ర మత్స్య సంపద యోజన స్త్రీలకు 60 శాతం సాయం అంటుంది, ఇతర సాధారణ లబ్ధిదారులకు 40 శాతం. కాని మత్స్యకారురాలిగా ఎక్కడా నమోదు కాని స్త్రీ ఆ శాతం దాకా ఎలా చేరుతుంది?

మొగుడికి సభ్యత్వం ఉంటే పెళ్లానికి ఉన్నట్టే కదా అంటారు కొందరు. భర్త పోయిన స్త్రీ సంగతేమిటి? వదిలేయబడ్డ స్త్రీ సంగతేమిటి? వచ్చిన వాటాను సారా దుకాణంలో పోసే మగవాడి ఇంట్లో పిల్లల సంగతేమిటి? ఇంటి యజమాని చేతికి డబ్బు వస్తే ఇంటికి వచ్చినట్టు కాదని దూబగుంట స్త్రీలు 1992లోనే లోకానికి చెప్పారు. మహిళా మత్స్య సంఘాలు విడిగా ఉన్నాయి కదా అని మరికొందరంటారు. ఉన్నాయి, ఉండాలి కూడా. కాని చెరువు కౌలు పత్రం మీద ఎవరి పేరుంది అని అడిగితే సంగతి తేలిపోతుంది. చెరువు మాదంటే మాదని గంగపుత్రులకూ ముదిరాజులకూ మధ్య ఏళ్లుగా వివాదాలున్నాయి. రెండు వైపులా చేపలమ్మే స్త్రీలకు మాత్రం ఎవరు గెలిచినా ఒరిగేది లేదు.

2023 జూన్‌లో మృగశిర కార్తె రోజుల్లో ప్రభుత్వం చేపల వంటకాల పండుగలు జరిపింది. పులుసు, వేపుడు రుచి చూపించడానికి స్త్రీలు కావాల్సి వచ్చారు. వంట దగ్గర గుర్తొచ్చిన స్త్రీ, వాటా దగ్గర ఎందుకు గుర్తు రాదు?

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న మత్స్యకారుల కోసం మార్గదర్శకాలు ఆమోదించింది. చేప పట్టకముందు చేసే పని, పట్టే పని, పట్టాక చేసే పని అన్నీ మత్స్య వృత్తేనని, స్త్రీ పురుషులిద్దరూ ఆ వృత్తివారేనని అవి చెబుతున్నాయి. మనం అడుగుతున్నది కూడా ఇదే. నైపుణ్య పరీక్షలో చేప కోయడం, ఎండబెట్టడం, అమ్మడం చేర్చాలి. ఇంటికొక్క సభ్యత్వం అనే ఆలోచన మాని భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా సభ్యత్వం ఇవ్వాలి. కౌలు, బీమా, సబ్సిడీ ఆమె పేరు మీద ఉండాలి. అయిజ లాంటి మున్సిపాలిటీలు చేపలమ్మే స్త్రీలకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న చోటు చూపించాలి. రోడ్డు పక్క నుంచి తరిమేసి తైబజారు మాత్రం వసూలు చేయడం న్యాయం కాదు.

ఇవి దయతో ఇచ్చేవి కావు. సంఘం తర్వాతి సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కుని చేపలమ్మే స్త్రీలందరూ కలిసి వెళ్లాలి. సభ్యుల పట్టీ చదవమని అడగాలి. అందులో తమ పేరు ఎందుకు లేదో జవాబు చెప్పేదాకా లేవకూడదు.