ఆబ్జెక్టుల నడుమ సమాన చిహ్నం

గణితంలో సమాన చిహ్నానికి స్థిరమైన అర్థమున్నది. 1557లో రాబర్ట్ రికార్డ్ తన గ్రంథంలో రెండు సమాంతర రేఖలను ఆ గుర్తుగా వాడిన నాటి నుండి అది ఇరుపక్షాల సమానత్వాన్ని తెలుపుతూ వచ్చింది. కంప్యూటర్ భాషలలో మాత్రం అదే గుర్తు ఒక ఆజ్ఞగా మారినది. 1957 నాటి ఫోర్ట్రాన్ భాషలోనే దాని భావం 'కుడివైపు విలువను ఎడమవైపు ఉంచుము' అని. పాస్కల్ భాష దాని ముందు ఒక కోలన్ చేర్చి ఈ భేదాన్ని కంటికి కనిపించేటట్లు చేసింది. సి భాషయు, దాని ఆధారంగా 1979 నుండి బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ తీర్చిదిద్దిన సి ప్లస్ ప్లస్ భాషయు ఫోర్ట్రాన్ బాటనే నడిచాయి.

పూర్ణాంకాల విషయంలో దీనివలన చిక్కు లేదు. ఆబ్జెక్టుల వద్దనే అసలు సమస్య ఆరంభమవుతుంది. ఈ చిన్న గుర్తు వెనుక జరిగే పనిని గ్రహించని విద్యార్థి పరీక్షలో ఉత్తీర్ణుడైనప్పటికీ, ఆ విద్య అతనికి అబ్బినట్లు కాదని మా దృఢాభిప్రాయం.

'పేరు' అనే క్లాసు ఉన్నదనుకొందాం. అందులోని ప్రతి ఆబ్జెక్టు కొంత మెమరీని తీసికొని, అక్షరాలను అందులో దాచి, ఆ మెమరీ చిరునామాను ఒక పాయింటరులో ఉంచుకొంటుంది. ఆబ్జెక్టు ఆయువు తీరినపుడు డిస్ట్రక్టరు ఆ మెమరీని తిరిగి అప్పగిస్తుంది. ఇప్పుడు 'ఎ = బి' అని వ్రాశామనుకొందాం. మనం అసైన్‌మెంట్ ఆపరేటరును నిర్వచించని పక్షంలో కంపైలరు తానే ఒకటి సమకూర్చుతుంది. అది పాయింటరులోని చిరునామాను మాత్రమే నకలు చేస్తుంది, అక్షరాలను చేయదు. తత్ఫలితంగా 'ఎ'కు పూర్వమున్న మెమరీ చిరునామా ఎవరివద్దా మిగలక వృథా అవుతుంది. బి వద్దనున్న మెమరీకి ఇద్దరు యజమానులు ఏర్పడతారు. ఒకరు మార్చిన అక్షరం రెండవవారిలోనూ మారుతుంది. చివరకు ఆ ఒక్క మెమరీనే డిస్ట్రక్టరు రెండుమార్లు విడుదల చేయబోతుంది. అటుపై ప్రోగ్రాం గతి ఏమగునో భాషా నిబంధనలు సైతం చెప్పవు. నేడు సవ్యంగా నడచినది రేపు కుప్పకూలవచ్చు.

సరియైన ఆపరేటరు ముందుగా కొత్త మెమరీని సంపాదించి, అక్షరాలను అందులోనికి నకలు చేయాలి. ఆ తరువాతనే పాతదానిని విడుదల చేసి, కొత్త చిరునామాను స్వీకరించాలి. చివరకు ఎడమవైపు ఆబ్జెక్టునే రిఫరెన్సుగా తిరిగి ఇవ్వాలి; 'ఎ = బి = సి' అనే వరుసకు ఆధారమిదే. క్రమం తారుమారైతే ప్రమాదం. పాతదానిని ముందే విడుదల చేస్తే, 'ఎ = ఎ' అన్నప్పుడు నకలు చేయుటకు అక్షరాలే మిగలవు; కొత్త మెమరీ దొరకనపుడు పాత విలువయు దక్కదు. ఇక 'పేరు బి = ఎ' అని ప్రకటనలోనే వ్రాసినచో పనిచేసేది కాపీ కన్‌స్ట్రక్టరు. అప్పుడే పుట్టుతున్న ఆబ్జెక్టుకు విడుదల చేయవలసిన పాత ఆస్తి లేదు గదా!

స్ట్రింగ్, వెక్టర్ వంటి లైబ్రరీ క్లాసులుండగా ఈ శ్రమ ఎందుకని కొందరంటారు. ఉద్యోగంలో వాటిని వాడటమే వివేకమని మేమూ అంగీకరిస్తాం. కాని ఆ క్లాసులు చేసే మేలు ఏమిటో తెలియాలంటే ఒక్కమారైనా ఈ పనిని స్వయంగా చేయాలి. జావా నేర్చినవారికిది అనవసరమనుట కూడ సరికాదు. జావాలోను, పైథాన్‌లోను 'ఎ = బి' అన్నంతమాత్రాన కొత్త ఆబ్జెక్టు పుట్టదు; ఉన్న ఆబ్జెక్టుకే రెండు పేర్లు ఏర్పడతాయి. 'ఎ' ద్వారా ఒక జాబితాను సవరించి, 'బి'లోనూ మార్పు కనిపించగా విస్తుపోయే విద్యార్థి తడబడేది ఈ చోటనే.

మన కళాశాలకు ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చేవారు అనేకులు. ఆంగ్ల పాఠ్యగ్రంథంలోని నిర్వచనాన్ని కంఠస్థం చేయుట, రికార్డులోనికి ప్రోగ్రామును ఎత్తివ్రాయుట వారికి సులభమార్గంగా తోస్తున్నది. ఇది కేవలం వారి దోషం కాదు. చిరునామా అంటే ఏమిటో, ఇద్దరు యజమానుల తగవు ఏమిటో ఇంటి భాషలో చెప్పినచో అర్థం కానివారుండరు. సాంకేతిక పదాలను యథాతథంగా ఉంచి, వివరణను మాతృభాషలో ఇవ్వవచ్చును.

కావున కళాశాల సంఘం వారికి మా మనవి. ఈ అంశానికి ఒక ప్రయోగశాల తరగతిని ప్రత్యేకంగా కేటాయించాలి. ప్రతి విద్యార్థి అసైన్‌మెంటుకు ముందు, తరువాత మెమరీ స్థితిని కాగితంపై బొమ్మగా గీయాలి. మౌఖిక పరీక్షలో తెలుగున గాని ఉర్దూలో గాని సమాధానమిచ్చే స్వేచ్ఛ ఉండాలి. రికార్డు అందానికిచ్చే మార్కులలో కొన్నింటిని ఈ బొమ్మకు ఇచ్చినా చాలును. విద్యార్థి మిత్రులారా! ఇకపై సమాన చిహ్నం వ్రాయునపుడు ఒక్క క్షణమాగి, ఈ మెమరీని విడుదల చేసే బాధ్యత ఎవరిదని ప్రశ్నించుకొనండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన నాడే మీ రికార్డులోని ప్రోగ్రాం నిజంగా మీదవుతుంది.