కోటా పిసినారితనమా?

కోటా అన్న మాట మన ఇళ్లలోకి చౌకధరల దుకాణం మీదుగా వచ్చింది. కోటా బియ్యం, కోటా పంచదార, కోటా కిరసనాయిలు. అందువల్లనే కాబోలు, సర్వర్లు నడిపేవారి నోట ‘డిస్కు కోటా’ అని వినగానే ఎదుటివారి ముఖం చిన్నబోతుంది. సమృద్ధిగా ఉన్నదానిని ఎవరో బిగబట్టి పంచుతున్నారన్న అనుమానం. డిస్కులు ఇంత చవకైన రోజుల్లో ఇంకా కోటాలెందుకని అడిగేవారు నాకు తరచు తారసపడుతుంటారు. వారితో నేను ఏకీభవించలేను. ఒకే సర్వరు మీద పదుల సంఖ్యలో వర్చువల్ మెషీన్లు కాపురముంటున్న చోట, తన వంతు ఏనాడూ దాటనివానికి ఉన్న రక్షణ కోటాయే. (వర్చువల్ మెషీన్‌ను ‘మిథ్యాయంత్రం’ అనే మిత్రులున్నారు. మాట అందంగానే ఉన్నది గాని, అందులో నడిచే జీతాల లెక్కలు మిథ్య కావు గనుక వాడుక మాటనే ఉంచుతున్నాను.)

కోటా పుట్టుకలోనే ఈ ఔచిత్యం కనిపిస్తుంది. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లోని డిస్కు కోటా ఏర్పాటు మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్ కృషి. ఒకే యంత్రాన్ని ఎందరో పంచుకునే చోట పుట్టిన ఆలోచన అది. అందులో హద్దులు రెండు. మొదటిది మెత్తని హద్దు: దానిని దాటితే హెచ్చరిక వస్తుంది, సర్దుకోవడానికి కొంత గడువు దొరుకుతుంది. నేటి లినక్స్‌లో ఆ గడువు మామూలుగా 7 రోజులు. రెండవది గట్టి హద్దు: దానిని దాటడం అసలు కుదరదు. ఒక రాత్రి పెద్ద లెక్క నడుపుకోవలసినవానికి వెసులుబాటు ఇస్తూనే, ఆ వెసులుబాటు అలవాటుగా మారకుండా చూసే పద్ధతి ఇది. నలభై ఏళ్లు దాటినా ఇంతకంటె మర్యాదైన ఏర్పాటు నాకు కనబడలేదు. ఎంత జాగా వాడారన్నదే కాక, ఎన్ని ఫైళ్లు సృష్టించారన్నది కూడా ఆ కోటా లెక్కపెడుతుంది. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు పేరుకున్నప్పుడు, సగం డిస్కు ఖాళీగా కనబడుతూనే కొత్త ఫైలు ఒక్కటీ పుట్టనివ్వని విచిత్రాన్ని చూసినవారికి ఈ రెండవ లెక్క విలువ తెలుస్తుంది.

వర్చువల్ మెషీన్ల విషయానికి వస్తే కథ మారుతుంది. 1972లో ఐబీఎం ప్రకటించిన వీఎం/370లో ప్రతి యంత్రానికీ ‘మినీడిస్కు’ ఇచ్చేవారు. అది అసలు డిస్కు నుంచి కొలిచి కోసి ఇచ్చిన ముక్క. చాలకపోతే మరొకచోట పెద్ద ముక్క తీసుకొని అంతా అక్కడికి నకలు చేసుకోవలసిందే. కష్టమే, కాని ఇచ్చానన్నది నిజంగా ఇచ్చినట్టే. ఇప్పటి వాడుక వేరు. 100 గిగాబైట్ల డిస్కు ఇచ్చామని లోపలి యంత్రానికి చెబుతాము. అది రాసిన మేరకే అసలు సర్వరులో జాగా ఖర్చవుతుంది. క్యూకౌ2 ఫైళ్లు ఇలాగే పెరుగుతాయి, ఎల్‌వీఎం ‘థిన్ పూల్’ ఇలాగే నడుస్తుంది. 1 టెరాబైటు ఉమ్మడి నిల్వ మీద 100 గిగాబైట్ల చొప్పున 20 యంత్రాలు పెట్టినా మొదట్లో అందరూ సుఖంగానే ఉంటారు.

చెరువు నీటికి మించి ఆయకట్టు రాయడం లాంటిది ఇది. చెరువు కింద అయితే ముందు ఎండేవి చివరి మళ్లు. ఇక్కడ అంతకన్నా అన్యాయం: నిల్వ నిండిన క్షణాన కొత్త జాగా కోరిన ప్రతి యంత్రమూ దెబ్బతింటుంది, దాని సొంత పద్దులో ఎంత మిగులు కనబడుతున్నా సరే. లినక్స్ థిన్ పూల్ నిండితే మామూలు అమరికలో 60 సెకన్లు ఎదురుచూసి, ఆపైన రాతలను తిప్పికొడుతుంది. ముందే తనంతట తాను పెరిగే సదుపాయం ఎల్‌వీఎంలో ఉన్నది గాని, దాని అమరిక మొదట 100 శాతం దగ్గర, అంటే ఆపివేసి, ఉంటుంది. ఎవరైనా పూనుకొని మార్చితేనే పనిచేస్తుంది.

నేనెరిగిన ఒక కళాశాలలో సరిగ్గా ఇదే జరిగింది. పరీక్షల విభాగం యంత్రం తన 100 గిగాబైట్లలో మూడో వంతు కూడా వాడలేదు. పక్క ప్రయోగశాల యంత్రంలో ఎవరో పరిశీలన కోసం తెరిచి మూయక విడిచిన లాగ్ ఫైలు ఉమ్మడి నిల్వనంతా మింగింది. శనివారం సాయంత్రం నమోదైన మార్కులలో సగం దక్కలేదు. అధ్యాపకులు జవాబు పత్రాల కట్టలు మళ్లీ విప్పుకొని కూర్చున్నారు. వారి యంత్రం లోపల ఎన్ని కోటాలు పెట్టినా ఉపయోగం ఉండేది కాదు. పెట్టవలసిన హద్దు బయట, ఉమ్మడి నిల్వ దగ్గర. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

ఇంకొక చిక్కు ఉన్నది. లోపల ఫైళ్లు తుడిచినంత మాత్రాన బయట జాగా తిరిగి రాదు. ‘ఇది ఇక నాకు అక్కరలేదు’ అని లోపలి యంత్రం కిందికి చెప్పాలి, మధ్యనున్నవారు ఆ కబురును మోయాలి. వర్చువల్ డిస్కుకు ‘డిస్కార్డ్’ అనుమతి ఇచ్చి, ‘ఎఫ్‌ఎస్‌ట్రిమ్’ వారానికొకసారైనా నడపకపోతే, 50 గిగాబైట్లు తుడిచి సంబరపడేవారి సంబరం వారి తెర వరకే.

పెంచడం సంగతి చూద్దాం. దీనికొక క్రమం ఉన్నది, బయటి నుంచి లోపలికి: ముందు వర్చువల్ డిస్కు, తరువాత పార్టిషన్, ఎల్‌వీఎం ఉంటే దాని పొరలు, చివరికి ఫైల్ సిస్టమ్. తగ్గించేటప్పుడు సరిగ్గా తలకిందులు: ముందు ఫైల్ సిస్టమ్ కుదించుకోవాలి, డిస్కు అన్నిటికన్నా ఆఖరున. క్రమం తప్పి డిస్కును ముందు కోస్తే కోతతోపాటు సమాచారమూ పోతుంది. పైగా ఎక్స్‌టీ4ను పెంచడం నడుస్తుండగానే సాధ్యం, కుదించాలంటే దానిని ఆపి విడదీయాలి. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఆ పంపిణీలో మామూలు ఎంపిక అయిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు పెరగడమే తెలుసు. చివరనున్న ఖాళీ ముక్కను కోయడం తప్ప తగ్గడం తెలియదు. అమెజాన్ ఈబీఎస్ డిస్కులను 2017 నుంచి యంత్రం ఆపకుండానే పెంచుకోవచ్చు. తగ్గించే వీలు మాత్రం లేదు. కొత్త చిన్న డిస్కు తెచ్చి నకలు చేసుకోవలసిందే, 1972 నాటి మినీడిస్కు లాగానే.

పెంచడం ఐదు నిమిషాల పని, తగ్గించడం ఒక రాత్రి పని అయినప్పుడు, అడిగిందే తడవుగా 500 గిగాబైట్లు రాసివ్వడం ఔదార్యం కాదనిపిస్తుంది. ఈ రోజు 50 ఇచ్చి, నిండుతున్నకొద్దీ పెంచడమే సబబు. దీనికి వచ్చే ఆక్షేపణ న్యాయమైనదే: అర్ధరాత్రి డిస్కు నిండితే పలికేదెవరు? మెత్తని హద్దు దగ్గర హెచ్చరిక వెళ్లి, ఆ హెచ్చరికకు బదులు పలికే మనిషి ఉన్నచోటనే చిన్న డిస్కు నప్పుతుంది. అర్జీ పెట్టుకొని పది రోజులు తిరగవలసిన కార్యాలయంలో చిన్న డిస్కు ఇవ్వడం క్రూరత్వమే. అక్కడి జనం అక్కరకు మించి అడుగుతారంటే తప్పు పట్టలేను.

అడిగినప్పుడు పెంచేముందు, నిండింది దేనితో అని ఒకసారి చూడాలి. గాదె కింద పందికొక్కులా లాగ్ ఫైళ్లు, పాత కెర్నెళ్లు, వాడని కంటైనర్ ఇమేజీలు, ఎవరూ తీయని స్నాప్‌షాట్లు. తుడిచినా ఏదో ప్రాసెస్ పట్టుకొని కూర్చున్నందున చావని ఫైళ్లు సరేసరి. నేను చూసినంతలో జాగా అర్జీలలో చాలా భాగం ఈ సోదాతోనే తీరిపోయాయి.

నిర్వాహకులకు ఒక్క మనవి. ఉమ్మడి నిల్వ ఎంత, దాని మీద మొత్తం ఇచ్చిన మాట ఎంత, ఈ రెండంకెలనూ వాడుకరులందరికీ కనబడేచోట ఉంచండి. మార్కులు, జీతాలు, డేటాబేసుల యంత్రాలకు మాత్రం మొత్తం జాగా మొదటే కేటాయించి ఇవ్వండి, ఎంత వృథాగా కనబడినా సరే.