సూద్ హరామ్, సరే. మరి ఈ జుర్మానా ఎవరికి హలాల్?



మన మసీదుల్లో సూద్ మీద బయాన్‌లకు కొదవ లేదు. గద్వాలలో విన్నాను, వనపర్తిలో విన్నాను, నాగర్‌కర్నూల్‌లో విన్నాను. వినాల్సిందే, చెప్పాల్సిందే. కానీ మన ఖాతాల్లోంచి మూడు నెలలకోసారి కత్తిరించుకుపోయే పైసల మీద ఒక్క బయాన్ కూడా ఇంతవరకు నా చెవిన పడలేదు. సూద్ రూపాయి లోపలికొస్తే తౌబా తౌబా అంటాం. చెమటోడ్చిన హలాల్ కమాయి బయటికి పోతుంటే మాత్రం పాస్‌బుక్ కూడా తిప్పి చూడం. ఇదేం పర్‌హేజ్‌గారీ భాయీ?

"బ్యాంకంటేనే సూద్ ఖానా, దాని హిసాబ్ మనకెందుకు" అనే మాట మన బిరాదరీలో తరచూ వినిపిస్తుంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందరి జీతం బ్యాంకులోనే పడుతోంది. ఆసరా పింఛను, పిల్లల స్కాలర్‌షిప్, గ్యాస్ సబ్సిడీ, సౌదీ నుంచి కొడుకు పంపే పైసలు, అన్నీ అక్కడికే వస్తున్నాయి. లోపల కాలు పెట్టాక కళ్లు మూసుకుంటే దాన్ని తక్వా అనరు, గఫ్లత్ అంటారు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరహ్ బఖరాలో ఉంది. అది అప్పు లావాదేవీలు రాసిపెట్టుకోవడం గురించి. హిసాబ్ చూసుకోవడం దునియాదారీ అనుకునేవాళ్లు ఆ ఆయత్ తర్జుమా ఒకసారి చదువుకోవాలి.

మన పాలమూరు సంగతే చూడండి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసిపోయింది. నిజాం జమానాలో, 1942లో తలుపులు తెరిచిన బ్యాంక్ అది. తాతల కాలం నుంచి మనవాళ్ల ఖాతాలు అందులో ఉండేవి. సరిగ్గా అదే రోజు నుంచి ఎస్‌బీఐ మినిమం బ్యాలెన్స్ జుర్మానా మళ్లీ మొదలుపెట్టింది. పల్లెల్లో వెయ్యి, చిన్న పట్టణాల్లో రెండు వేలు లేకపోతే కోత. ఆ ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఇలా వసూలైనవి 1,771 కోట్లు. మధ్యలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలలకు ఆ బ్యాంక్ లాభమే 1,581 కోట్లు. అంటే ఖాతాలో రెండు వేలు కూడా నిలవని గరీబుల జేబుల నుంచి వచ్చింది ఆ మూడు నెలల లాభం కంటే ఎక్కువ. గొడవయ్యాక రేట్లు తగ్గించారు. 2020 మార్చిలో మొత్తానికే తీసేశారు. మూడేళ్లు పట్టింది!

ఒక్క ఎస్‌బీఐనే అనడం ఇన్సాఫ్ కాదు. 2019-20 నుంచి 2023-24 దాకా ఐదేళ్లలో సర్కారీ బ్యాంకులు మినిమం బ్యాలెన్స్ జుర్మానాగా దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయని 2024లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. 2025 వేసవిలో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ బరోడా ఒకదాని వెనక ఒకటి ఈ జుర్మానా ఎత్తేశాయి. అదే ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంక్ నగరాల్లో కొత్త ఖాతాలకు మినిమం 50,000 అని ప్రకటించి, గోల లేచాక కొన్ని రోజుల్లోనే 15,000కి దించింది. ఎంత పెట్టుకోవాలో బ్యాంకుల ఇష్టమేనని రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అన్నారు. బ్యాంకులకు ఇఖ్తియార్ ఉందంటే, ఏ బ్యాంకులో ఖాతా ఉంచాలో ఎంచుకునే ఇఖ్తియార్ మనకూ ఉన్నట్టే. మనం దాన్ని వాడుకోవడం లేదు, అదీ నా షికాయత్.

అసలు వాడాల్సిన హఖ్ ఒకటి ఉంది. దాని పూర్తి పేరు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్. జనం జీరో బ్యాలెన్స్ ఖాతా అంటారు. 2012లో రిజర్వ్ బ్యాంక్ ప్రతి బ్యాంకూ ఇది ఇవ్వాలని చెప్పింది. ఇది గరీబులకే అన్న షరతు లేదు, ఎవరైనా అడగొచ్చు. ఒక్క పైసా లేకపోయినా జుర్మానా ఉండదు. ఏటీఎం కార్డుకు సాలీనా ఫీజు ఉండదు. నెలకు కనీసం నాలుగుసార్లు పైసలు తీసుకోవడం ముఫ్త్. ఖాతా వాడకుండా వదిలేసినా చార్జీ పడదు. ఇప్పటికే మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే, దాన్నే ఇలా మార్చమని అర్జీ ఇవ్వొచ్చు. షరతు ఒక్కటే, అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. 2014 ఆగస్టులో వచ్చిన జన్ ధన్ ఖాతాలు కూడా ఈ జాతివే.

కౌంటర్ దగ్గర ఇది మీకు చెప్తారా? చెప్పరు. "ఆ ఖాతా ఇప్పుడు లేదమ్మా", "అది పింఛనోళ్లకే" అంటారు. నేను ఒక బ్యాంకులో స్వయంగా విన్నాను ఈ జవాబు. అర్జీ రాసి, రసీదు ముద్ర వేసి ఇవ్వమని అడిగితే పది నిమిషాల్లో ఫారం బయటికొచ్చింది. నోటితో అడిగితే నోటితోనే ఇన్కార్ చేస్తారు, కాగితం చూస్తే జవాబు మారుతుంది.

ఈ ఖాతాలోనూ చోరీ జరిగింది, అది కూడా చెప్పాలి. నెలలో నాలుగు లావాదేవీలు దాటితే ఎస్‌బీఐ ప్రతిదానికీ 17 రూపాయల 70 పైసలు కోసింది. 15 రూపాయల చార్జీ, దాని మీద జీఎస్‌టీ. యూపీఐలో చాయ్ పైసలు పంపినా కోత పడింది. ముంబై ఐఐటీ ప్రొఫెసర్ ఆశిష్ దాస్ లెక్కలు తీసి బయటపెట్టారు. 2020 ఆగస్టులో ఆదాయపు పన్ను బోర్డు, ఆ ఏడాది జనవరి 1 నుంచి డిజిటల్ లావాదేవీల మీద తీసుకున్నది వాపస్ ఇవ్వాలని బ్యాంకులకు చెప్పింది. ఒక ప్రొఫెసర్ కూర్చుని లెక్క చూస్తేనే కోట్ల రూపాయలు వాపస్ వచ్చాయి. మన ఇంటి పాస్‌బుక్ ఒక్కటి మనం చూసుకోలేమా?

ఇషా తర్వాత కొందరు నా దగ్గరికి పాస్‌బుక్‌లు తెస్తుంటారు. ఒక ఖాలా వచ్చి, "బేటా, నా పైసలు ఎవరు తిన్నరు?" అంది. బిడ్డ నికాహ్‌కు షాదీ ముబారక్ చెక్ తల్లి పేరున వస్తుంది కదా, 1,00,116 రూపాయలు. దానికోసం తెరిచిన ఖాతా అది. పని అయ్యాక అందులో ఎనిమిది వందలు మిగిలాయి. కార్డు ఫీజు, మెసేజ్‌ల చార్జీ, మినిమం జుర్మానా కలిసి రెండేళ్లలో దాన్ని పన్నెండు రూపాయలు చేశాయి. ఎవరూ దొంగతనం చేయలేదు ఖాలా, అంతా కాగితం మీద రాసే తీసుకున్నారు అని చెప్పాను. ఆమెకు మెసేజ్‌లు వచ్చేవి, కానీ ఫోన్ కొడుకు దగ్గర ఉండేది, పాస్‌బుక్ భర్త బీరువాలో ఉండేది. ఖాతా ఆమెది, అమానత్ ఆమెది, ఖబర్ మాత్రం ఆమెకు లేదు. మగాళ్లకు ఇది చేదుగా ఉంటుంది, ఉండనీ.

షాదీ ముబారక్ దర్ఖాస్తు పెట్టబోయే అమ్మీలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పూర్తి కాగితాలు లేకుండా తెరిచే చిన్న ఖాతాలో ఒకేసారి 50,000 మించి ఉండకూడదు, ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు. 1,00,116 అందులో పట్టదు. ముందే ఆధార్ ఇచ్చి కేవైసీ పూర్తి చేయించండి. చెక్ చేతికొచ్చాక పరుగులు పెట్టే పని ఉండదు.

ఇక "ఇదంతా చిల్లర, దీనికింత రాద్ధాంతమా" అనే పెద్దమనుషులకు జవాబు. ఒక ఇంట్లో ఐదు ఖాతాలు ఉన్నాయనుకోండి. పాత జీతం ఖాతా ఒకటి, లోన్ కోసం తెరిచింది ఒకటి, ఎవరో టార్గెట్ ఉందని బతిమాలితే తెరిచింది ఇంకోటి. కార్డు ఫీజు 200 అయితే జీఎస్‌టీతో 236, ఐదింటికి 1,180. మెసేజ్‌లకు మూడు నెలలకు 15 చొప్పున వేస్తే, పన్నుతో ఐదు ఖాతాలకు ఏడాదికి 354. ఏటీఎంలో ముఫ్త్ లెక్క దాటాక ఒక్కోసారికి 2025 మే నుంచి 23 రూపాయల దాకా తీసుకోవచ్చు, పన్నుతో 27 పైన. నెలకు రెండుసార్లు అలా దాటితే ఏడాదికి 651. అన్నీ కలిపితే 2,185 రూపాయలు, ఇంకా మినిమం జుర్మానా లెక్కలోకే రాలేదు. వనపర్తి మార్కెట్లో ఉల్లిగడ్డ కిలోకు ఐదు రూపాయల కోసం పావుగంట బేరమాడే ఇల్లే ఇది.

సూద్ వైపు కూడా చూద్దాం. 2025 జూన్ నుంచి ఎస్‌బీఐ సేవింగ్స్ రేటు 2.5 శాతం. పదివేలు ఏడాది ఉంటే 250 రూపాయలు. ఆ 250 గురించి మనం పడే ఫిక్ర్‌లో పావు వంతైనా ఈ 2,185 గురించి పడితే బాగుండు. "సూద్ వచ్చింది, చార్జీలు పోయాయి, బరాబర్" అనేవాళ్లూ ఉన్నారు. అలా సొంత ఫత్వా ఇచ్చుకోకండి. సూద్‌ని బ్యాంకులో వదలకుండా తీసి, సవాబ్ నియ్యత్ లేకుండా గరీబులకు ఇచ్చేయమని చాలామంది ఉలమా చెప్తారు. దాంతో చార్జీలు కట్టొచ్చా అన్నది ఇఖ్తిలాఫ్ ఉన్న మస్అలా, మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి. ఎవరిని అడిగినా ముందు రెండూ వేర్వేరుగా రాసి ఉండాలి, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని.

సూద్ వద్దని కరెంట్ ఖాతా తెరిచిన భాయీలు ఉన్నారు. వాళ్ల నియ్యత్‌ని నేను తప్పుపట్టను. అయితే అక్కడ మినిమం ఎక్కువ, జుర్మానా ఎక్కువ, క్యాష్ జమ చేసినా చార్జీ పడే సందర్భాలుంటాయి. జీరో బ్యాలెన్స్ హఖ్ దానికి వర్తించదు. చిన్న మెకానిక్ షాపు, చికెన్ సెంటర్ నడిపేవాళ్లు ఇది తూచి చూసుకోవాలి. వడ్డీలేని బ్యాంక్ వస్తుందిలే అని ఎదురుచూసేవాళ్లకు చెప్పేది ఏమిటంటే, ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదన ముందుకు తీసుకెళ్లబోమని 2017లోనే రిజర్వ్ బ్యాంక్ తేల్చేసింది. అది వచ్చేదాకా ఉన్న ఖాతాలోనే తెలివిగా బతకాలి.

దుకాణదారులకే ఇంకో మాట. యూపీఐలో మీకొచ్చే పైసల మీద 2020 జనవరి నుంచి కమిషన్ లేదు. కానీ పైసలు పడగానే అరిచే ఆ డబ్బాకు నెలనెలా కిరాయి పోతోంది. రోజుకు ఇరవై పేమెంట్లు కూడా రానివాళ్లకు డబ్బా ఎందుకు? క్యూఆర్ కాగితం గోడకు అంటిస్తే చాలు. వేలిముద్ర పెట్టించి క్యాష్ ఇచ్చే ఏజెంట్ వెయ్యికి పది రూపాయలు అడిగితే ఇవ్వకండి. అతనికి కమిషన్ బ్యాంక్ ఇస్తుంది, మీ దగ్గర తీసుకోకూడదన్నది ఖాయిదా.

మనకు అనుకూలంగా ఉన్న ఇతర ఖాయిదాలూ తెలియాలి. మినిమం తగ్గితే బ్యాంక్ ముందు ఖబర్ చేసి నెల రోజుల మోహలత్ ఇవ్వాలి. ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే జుర్మానా ఉండాలి. ఈ జుర్మానాతో ఖాతాను సున్నా కిందికి మైనస్‌లోకి తోయకూడదు. రెండేళ్లు వాడక మూలపడ్డ ఖాతా మీద 2024 ఏప్రిల్ నుంచి మినిమం జుర్మానా వేయకూడదు, దాన్ని మళ్లీ తెరవడానికి పైసలు అడగకూడదు. "మైనస్‌లో ఉంది, కడితేనే తెరుస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. షికాయత్ ఇచ్చాక 30 రోజుల్లో బ్యాంక్ జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఖర్చు లేదు, వకీల్ అక్కర్లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు.

మన దగ్గర కొందరి గ్రామీణ బ్యాంక్ పాస్‌బుక్ మీద మూడు పేర్లు మారాయి. సంగమేశ్వర గ్రామీణ బ్యాంక్ 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ అయింది, 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంక్ అయింది. ఇలాంటి మార్పుల్లోనే పాత ఖాతాలు మరుగున పడతాయి. అబ్బా పోయాక ఆయన బీరువాలో దొరికిన పుస్తకాలు చెత్తలో వేయకండి, బ్రాంచికి తీసుకెళ్లి అడగండి. ఆ పైసలు వారసుల హఖ్.

మసీదు కమిటీల సద్రులకు నా గుజారిష్ ఒక్కటే. వచ్చే జుమా నమాజ్ అయ్యాక, లెక్కలు తెలిసిన ఇద్దరు పిల్లలను వరండాలో కూర్చోబెట్టండి. ఆడవాళ్లకు వేరే జాగా, వేరే వేళ పెట్టండి. పాస్‌బుక్‌లు తెమ్మని మైకులో ఏలాన్ చేయండి. జీరో బ్యాలెన్స్ అర్జీ నమూనా జిరాక్స్ యాభై కాపీలు తీయడానికి వంద రూపాయలు చాలు. ఆ వంద ఎవరూ ఇవ్వకపోతే నాకు చెప్పండి, నేనిస్తాను.